క్యాంపస్‌లో వాతావరణ మార్పులపై అవగాహన: ముందుండి నడిపే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

యూనివర్సిటీ లేదా డిగ్రీ కాలేజీలో తోటి విద్యార్థులకు వాతావరణ మార్పుల గురించి చెప్పాలనుకునేవారి కోసం ఈ పేజీ. తెలుగు రాష్ట్రాల హాస్టళ్లు, మెస్‌లు, ఎండలను దృష్టిలో పెట్టుకుని రాశాం. ర్యాలీ తీసి, ఫ్లెక్సీ కట్టి, ప్రతిజ్ఞ చేయిస్తే ఫొటోలు మిగులుతాయి. తాము ఉండే హాస్టల్ మీటరునూ తాము తిన్న కంచాన్నీ విద్యార్థులు స్వయంగా కొలిస్తే ఆ అంకె ఏళ్ల తరబడి గుర్తుంటుంది. కింది జవాబులన్నీ ఈ నమ్మకంతో ఇచ్చినవే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ క్యాంపస్‌లో కొలవగలిగే ఒక్క విషయం ఎంచుకోండి. హాస్టల్ కరెంటు, మెస్‌లో పారేసే అన్నం, పై అంతస్తు గదుల వేడి, ఈ మూడింటిలో ఏదైనా సరే. మూడూ ఒకేసారి ఎత్తుకుంటే రెండో వారానికే మనుషులు పలచబడతారు. ఐదారుగురు ఉంటే చాలు. వారిలో ఒకరు లెక్కలు రాసేవారు, ఒకరు వార్డెన్‌తోనూ మెస్ సిబ్బందితోనూ ఓపిగ్గా మాట్లాడగలిగినవారు అయి ఉండాలి. రెండోవారు దొరకడమే కష్టం, ముందు వారిని వెతకండి.

అనుమతి ఎవరిని అడగాలి?

హాస్టల్ పనికి వార్డెన్, తరగతి గదులకు విభాగాధిపతి, మొత్తం క్యాంపస్‌కు విద్యార్థి వ్యవహారాల డీన్. అనుబంధ కళాశాలలో అయితే ప్రిన్సిపాల్ ఒక్కరే. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటే ప్రోగ్రాం ఆఫీసరును కలవడం అన్నిటికన్నా దగ్గరి దారి. 1969లో మొదలైన ఈ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. మీ పనిని ఆ గంటల్లో చూపించమని అడగండి. మనుషుల కొరత సగం తీరుతుంది.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఎక్కడ, ఎంతమంది, ఏ వస్తువులు వాడతారు, అయ్యాక ఎవరు శుభ్రం చేస్తారు అన్నవి రాయండి. చివరి మాట రాయనందుకే చాలా అర్జీలు బల్ల మీద ఆగిపోతాయి. వార్డెన్లకు ఉండే మొదటి భయం అదే.

నేను బీకాం (లేదా తెలుగు ఎం.ఏ.) చదువుతున్నాను. సైన్స్ తెలియకుండా చెప్పగలనా?

చెప్పగలరు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశం వల్లే పర్యావరణం అందరికీ తప్పనిసరి పాఠమైంది. డిగ్రీలో అది మీరూ చదివే ఉంటారు. పునాది విషయం చిన్నదే. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది ఎండను లోపలికి రానిస్తుంది కానీ నేల నుంచి పైకి వెళ్లే వేడిని పట్టుకుంటుంది. ఎంత పేరుకుంటే అంత వేడి. ఈ గొలుసును తడబడకుండా చెప్పగలిగితే మొదలుపెట్టేయవచ్చు. తెలియని ప్రశ్న వస్తే ‘రేపు కనుక్కుని చెప్తా’ అని రాసుకోండి, రేపు నిజంగా చెప్పండి.

‘వాతావరణం’, ‘శీతోష్ణస్థితి’ తేడా ఎలా చెప్పాలి?

మన భాషలో ఈ చిక్కు నిజంగానే ఉంది. ఇవాళ్టి వాననూ వాతావరణమే అంటాం, ముప్ఫై ఏళ్ల సగటునూ వాతావరణమే అంటాం. శీతోష్ణస్థితి అనే పుస్తకాల మాట ఎవరి నోటా పలకదు. కార్తెలతో చెప్పి చూడండి, తేలిగ్గా ఎక్కుతుంది. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అన్న సామెత ఒక్క రోజు ఎండ గురించి కాదు. తరాల తరబడి చూసి, ఆ పదమూడు పద్నాలుగు రోజులు ఎలా ఉంటాయో చెప్పిన మాట అది. అదే శీతోష్ణస్థితి. ఈ ఏడు రోహిణిలో ఒకరోజు వాన పడితే అది ఆ రోజు వాతావరణం. కార్తె సూర్యుడి గమనాన్ని బట్టి వచ్చేది కాబట్టి ప్రతి ఏడూ ఇంచుమించు అవే తేదీల్లో వస్తుంది, పోల్చి చూడటానికి వీలుగా ఉంటుంది. ‘మృగశిర నాటికి మీ ఊళ్లో తొలకరి పడేదా, ఇప్పుడు పడుతోందా’ అని తాతయ్యనో నాయనమ్మనో అడిగి రమ్మనండి. వారి జ్ఞాపకాన్ని రుజువుగా వాడకూడదు, సంభాషణకు తలుపుగా వాడాలి. రుజువు కోసం వర్షపాతం రికార్డులు చూడాల్సిందే.

ఎన్ని అంకెలు గుర్తుపెట్టుకోవాలి?

నాలుగు చాలు. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల వంతుల్లో 280), ఇప్పుడు 420 దాటింది. 1850–1900 సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూమి 1.1 డిగ్రీలు వేడెక్కింది. 2024 ఒక్క ఏడాదే చూస్తే ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో అది సుమారు 1.55 డిగ్రీలు. నాలుగోది మన ఇంటి అంకె: మన గ్రిడ్ నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. క్యాంపస్‌లో మీకు రోజూ పనికొచ్చేది ఇదే.

గంటన్నర సెషన్ ఎలా నడపాలి?

పాతిక నుంచి ముప్ఫై మంది, అంతకుమించి వద్దు. ఆరేడుగురిని ఒక జట్టుగా కూర్చోబెట్టండి. సెమినార్ హాల్లో రెండు వందల మందికి స్లైడ్లు చూపిస్తే వెనక వరుసలు ఫోన్లలో ఉంటాయి.

పోస్టుకార్డు సైజు అట్టల మీద ఇరవై చీటీలు రాయండి. బొగ్గు తవ్వకం, థర్మల్ కేంద్రం, గది స్విచ్, గ్యాస్ సిలిండర్, నీళ్లు నిలిచిన వరి మడి, మీథేన్, కార్బన్ డయాక్సైడ్, సముద్రం వేడెక్కడం, గాలిలో తేమ పెరగడం, కుండపోత వాన, వడగాలి, పంట నష్టం, కరెంటు వాడకం పెరగడం, ఇలా. ప్రతి జట్టూ వాటిని బల్ల మీద పరిచి కారణం నుంచి ఫలితానికి సుద్దముక్కతో బాణాలు గీయాలి. ముప్ఫై ఐదు నిమిషాలివ్వండి. ‘వడగాలి’ నుంచి ‘కరెంటు వాడకం’కు, అక్కణ్ణుంచి మళ్లీ ‘బొగ్గు’కు బాణం గీసిన జట్టు చక్రాన్ని పట్టేసినట్టే. ఆ క్షణంలో బల్ల చుట్టూ గోల మొదలవుతుంది. ఆపకండి.

తర్వాత ఒక్కో జట్టు మూడు నిమిషాలు వివరిస్తుంది. మిగిలిన సమయంలో ఒక ప్రయోగం, మీ క్యాంపస్ అంకె ఒకటి, వచ్చే వారం చేయబోయే కొలత. చీటీలు సొంత ఊళ్లకు తగ్గట్టు రాసుకోండి. కాకినాడ దగ్గరైతే ఉప్పాడ తీరం కోత, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరద, విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను, హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వాన. ఒక్క విపత్తును చూపి ‘ఇది వాతావరణ మార్పు వల్లే వచ్చింది’ అని తేల్చకండి. వేడెక్కిన గాలి డిగ్రీకి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు, అందువల్ల భారీ వానలు మరింత భారీ అవుతాయి, ఇంతవరకే చెప్పండి. బుడమేరు మునకలో ఆక్రమణలు, గండ్లు, కాలువల పాత్ర కూడా ఉంది. దాన్ని దాచిపెడితే స్థానిక విద్యార్థులే లేచి అడుగుతారు, అడగాలి కూడా.

తరగతిలో చేసి చూపించడానికి నమ్మకమైన ప్రయోగాలు ఏవి?

మొదటిది మంచు. ఒకేలాంటి రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో నీళ్లు పోసి మూడు ఐసు ముక్కలు తేలనివ్వండి. రెండోదానిలో నీటిపైకి కనిపించేంత రాయి పెట్టి, రాతి మీద మూడు ముక్కలు ఉంచండి. నీటిమట్టం దగ్గర మార్కరుతో గీత గీయండి. ఐసు కరిగాక మొదటి గ్లాసులో గీత దగ్గరే ఉంటుంది, రెండోది పైకి వస్తుంది. తేలే ఆర్కిటిక్ మంచుకూ, నేల మీదున్న గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచుకూ తేడా ఇదే. ప్రయోగం చెడేది రెండు చోట్ల. మొదటి గ్లాసులో ఐసు మరీ ఎక్కువై అడుగుకు ఆనితే అక్కడా మట్టం పెరుగుతుంది. రెండోదానిలో ఐసు జారి నీళ్లలో పడితే మట్టం ముందే పెరిగిపోయి, గీతకు అర్థం ఉండదు. సెషన్ మొదట్లోనే పెట్టేయండి, చివరికి కరిగి ఉంటుంది. మంచు కరగకున్నా, వేడెక్కిన నీరు వ్యాకోచించడం వల్ల కూడా సముద్రం పెరుగుతోందని ఒక మాట కలపండి.

రెండోది సముద్రపు ఆమ్లత. కెమిస్ట్రీ ల్యాబులో బ్రోమోథైమాల్ బ్లూ ఉంటుంది, ఆమ్లతను బట్టి రంగు మారే ద్రవం అది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో నాలుగైదు చుక్కలు వేస్తే నీలం రంగు వస్తుంది. స్ట్రాతో ఊపిరి నెమ్మదిగా ఊదితే నీలం ఆకుపచ్చై, తర్వాత పసుపవుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి ఆమ్లం అవుతుంది, సముద్రంలో జరిగేదీ ఇదే. ఊదాలే తప్ప పీల్చకూడదు, ఒక్కొక్కరికి కొత్త స్ట్రా. మన దగ్గర ఇది ఎక్కువగా విఫలమయ్యేది బోరు నీళ్ల వల్ల. వాటిలో బైకార్బొనేట్ ఎక్కువ, ఎంత ఊదినా రంగు త్వరగా మారదు. డిస్టిల్డ్ నీళ్లు వాడండి. అవి మొదటే పసుపుగా కనిపిస్తే వంటసోడా చిటికెలో నాలుగో వంతు వేయండి, ఎక్కువైతే మళ్లీ బోరు నీళ్ల కథే. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి సముద్రం పైపొర పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. పీహెచ్ తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. అంకె చిన్నగా కనిపిస్తుంది, కానీ పీహెచ్ లాగరిథమ్ స్కేలు (ఒక అంకె తేడా అంటే పది రెట్లు), కాబట్టి ఆమ్లత దాదాపు పాతిక శాతం పెరిగినట్టు.

రెండు సీసాల్లో ఒకదానిలో కార్బన్ డయాక్సైడ్ నింపి, బల్బు కింద పెట్టి వేడి కొలిచే ప్రయోగం చేయవచ్చా?

వద్దంటాం. సీసాలో కనిపించే ఒకటి రెండు డిగ్రీల తేడాకు ప్రధాన కారణం వాయువు సాంద్రత, గాలి కదలిక, బల్బు దూరం. గ్రీన్‌హౌస్ ప్రభావం అందులో చాలా కొంచెం. ఫిజిక్స్ విద్యార్థి ఎవరైనా ఈ మాట ఎత్తితే మీ సెషన్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

హాస్టల్ కరెంటు వాడకం ఎలా కొలవాలి?

ఎలక్ట్రీషియన్ అన్నను వెంటపెట్టుకుని హాస్టల్ సబ్‌మీటరు ఎక్కడుందో చూడండి. ప్యానెల్ తలుపు మీరు తెరవకండి, అద్దంలోంచి చదివితే చాలు. డిస్‌ప్లేలో అంకెలు మారుతూ ఉంటాయి. ‘కేడబ్ల్యూహెచ్’ (అంటే యూనిట్లు) అని వచ్చినప్పటి అంకెనే రాసుకోవాలి. ‘కేవీఏహెచ్’ వేరు, రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. రాత్రి 10కి, ఉదయం 6కి, సాయంత్రం 6కి ఏడు రోజుల పాటు రాయండి.

అందరూ పొరపడేది ఇక్కడే: పెద్ద భవనాల మీటర్లు సీటీ మీటర్లు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌తో కరెంటును తగ్గించి కొలిచేవి. వాటి అంకెను ఎంఎఫ్ అనే గుణకంతో హెచ్చవేస్తేనే అసలు యూనిట్లు వస్తాయి. మీటరు దగ్గర స్టిక్కర్ మీదో, ఎస్టేట్ ఆఫీసు రిజిస్టర్‌లోనో ఆ గుణకం ఉంటుంది. రాత్రి నుంచి ఉదయానికి తేడా 12.5, ఎంఎఫ్ 20 అనుకుంటే వాడింది 250 యూనిట్లు. అంటే సుమారు 175 కిలోల కార్బన్ డయాక్సైడ్. గుణకం మరిచిపోతే 12 యూనిట్లకే మూడు వందల మంది నిద్రపోయారని నోటీసు బోర్డు మీద పెడతారు.

తర్వాత గదుల లెక్క. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల ప్రాంతం. తేడా 45. రోజుకు 16 గంటలు తిరిగితే 0.72 యూనిట్. 200 ఫ్యాన్లకు రోజుకు 144 యూనిట్లు, అంటే వంద కిలోల కార్బన్ డయాక్సైడ్. ఈ లెక్కను ఒకే పేజీలో రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇవ్వండి. ‘ఫ్యాన్లు ఆపండి’ అనే పోస్టరు కన్నా కాలిపోయిన ఫ్యాన్ల స్థానంలో ఏవి కొనాలో చెప్పే ఈ కాగితం ఎక్కువ పని చేస్తుంది. ఏసీ గదులుంటే 24 డిగ్రీల దగ్గర పెట్టమనండి. 2020 నుంచి గది ఏసీలకు డిఫాల్టుగా వచ్చేది అదే.

మెస్‌లో పారేసే అన్నం తూచడం ఎలా?

ఇది అన్నిటికన్నా సున్నితమైన పని. ముందు మెస్ అన్నలతో, వంట అక్కలతో మాట్లాడండి. మీరు తూచబోయేది విద్యార్థుల కంచాల్లో మిగిలిందని, వారి వంటలో తప్పులు వెతకడం కాదని స్పష్టంగా చెప్పండి. ఈ మాట చెప్పకుండా తూకం పట్టుకుని వెళ్తే మర్నాడు బకెట్లు మాయమవుతాయి.

కావలసినవి: 50 కిలోల వరకు తూచే వేలాడే డిజిటల్ త్రాసు, ఒకే సైజు బకెట్లు మూడు, గ్లౌజులు, రిజిస్టర్. ఒక బకెట్ ఎంగిలి అన్నం, కూరలకు. రెండోది ఎముకలు, అరటి తొక్కలు, కరివేపాకు, మునక్కాడ పిప్పి లాంటి తినలేని వాటికి. మూడోది గిన్నెల్లోనే మిగిలిపోయి ఎవరికీ వడ్డించని దానికి. ఖాళీ బకెట్ బరువు ముందే రాసుకుని తీసివేయాలి. ఏడు రోజులు, మూడు పూటలూ, తిన్నవారి సంఖ్యతో సహా రాయండి. మొత్తం కిలోలు చూసి మురిసిపోకండి. ఆదివారం సగం మంది ఊళ్లకు పోతారు, కిలోలు తగ్గుతాయి. మనిషికి ఎన్ని గ్రాములన్నదే అసలు లెక్క.

పొరపాట్లు ఎక్కువగా నీళ్ల వల్ల వస్తాయి. చేయి కడిగిన నీళ్లు, మిగిలిన రసం బకెట్‌లో పోసేస్తారు, బరువు రెట్టింపవుతుంది. బకెట్ పక్కనే ఒకరు నిలబడాలి, లేదా బకెట్ మీద జల్లెడ పెట్టాలి.

600 మంది భోంచేసే మెస్‌లో మనిషికి 60 గ్రాములు మిగిలితే పూటకు 36 కిలోలు. అదంతా అన్నమే అయితే దాని వెనక 12 నుంచి 14 కిలోల బియ్యం ఉంటుంది. ఆ బియ్యం పండిన మడిలో నిలిచిన నీటి నుంచి ఒకసారి, చెత్తకుప్పలో గాలి ఆడక కుళ్లినప్పుడు రెండోసారి మీథేన్ వస్తుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ వేడి చేసే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 28 రెట్లు. వంటకు వాడే 19 కిలోల సిలిండర్ ఒక్కటి మండితే 57 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

మొదటి వారం కొలిచి ఊరుకోండి, ఎవరికీ ఏమీ చెప్పకండి. రెండో వారం చేయి కడిగే చోట బోర్డు మీద నిన్నటి అంకె సుద్దముక్కతో రాయండి. మూడో వారం చిన్న గరిటె పెట్టించి, ‘ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు’ అని రాయండి. ఏది పని చేసిందో మీ రిజిస్టరే చెప్తుంది. కంచం ఖాళీ చేయనివారిని ఫొటో తీయడం, పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ చేయకండి. కూర బాగాలేక వదిలేసినవారు, ఒంట్లో బాగాలేనివారు అందులో ఉంటారు. ఒక కూర రోజూ మిగులుతుంటే అది మెస్ కమిటీకి చెప్పవలసిన విషయం.

మొక్కలు నాటితే సరిపోదా?

నాటండి, నీడ కోసం నాటండి. ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది, జాతిని బట్టి, 20 కిలోల ప్రాంతం. పైన చెప్పిన ఫ్యాన్లు ఒక్క రోజులో ఆపేది ఐదు చెట్ల ఏడాది పని. నాటితే తొలకరి తర్వాత, అడుగున్నర లోతు గుంట తీసి, వేప, కానుగ, చింత లాంటివి. జనవరి నుంచి మే వరకు ఎవరు నీళ్లు పోస్తారో పేర్లు రాసుకోకుండా ఒక్కటి కూడా నాటకండి. సెలవుల్లో క్యాంపస్ ఖాళీ అయ్యే రెండు నెలల్లోనే మొక్కలు ఎండిపోతాయి.

ప్లాస్టిక్ ఏరివేత వాతావరణ కార్యక్రమమేనా?

మంచి పనే, కానీ అది వేరే పాఠం. ఓజోన్ రంధ్రం, ప్లాస్టిక్, పొగ, భూతాపం అన్నీ ఒకే ముద్దగా వింటూ పెరిగాం. వాటిని విడదీయడమే మీ మొదటి పని.

పై అంతస్తు గదుల వేడి కొలిస్తే ఏం తెలుస్తుంది?

మన దగ్గర వాతావరణ మార్పు అంటే ముందుగా తగిలేది ఎండే. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైనా, లేదా నేరుగా 45 తాకినా వాతావరణ శాఖ వడగాలిగా లెక్కిస్తుంది. తీరంలో 37 దాటి అదే తేడా ఉంటే చాలు, ఎందుకంటే అక్కడి ఉక్కలో చెమట ఆరదు.

ఒకే రకం థర్మామీటర్లు మూడు తీసుకుని పై అంతస్తు, మధ్య అంతస్తు, చెట్టు నీడలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టండి. మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి రాయండి. ముందు రోజు మూడింటినీ పక్కపక్కనే పెట్టి తేడా చూసుకోండి, చవక థర్మామీటర్లు ఒకదానికొకటి డిగ్రీ తేడా చూపిస్తాయి. రాత్రి 10 అంకె ముఖ్యం. పగలంతా కాగిన స్లాబు రాత్రి గదిలోకి వేడి వదులుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మీ అంకెలు జతచేసి పైకప్పుకు తెల్ల పూత అడిగేటప్పుడు దాన్ని ప్రస్తావించండి. పూత మార్చి నెల లోపే పడాలి.

‘తప్పంతా అమెరికాది, మనమెందుకు?’ అంటే?

సగం నిజం ఉంది, ఒప్పుకోండి. ఏడాదికి తలసరి కార్బన్ డయాక్సైడ్ మనకు 2 టన్నుల ప్రాంతం, అమెరికాకు 14. గతంలో పేరుకున్న దానిలో మన వాటా ఇంకా తక్కువ. కానీ ఎండ మన కూలీల మీదే కాస్తోంది, మన హాస్టల్ బిల్లు మనమే కడుతున్నాం. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ‘నీ వాడకం తగ్గించు’ అని పాఠం చెప్పడం అన్యాయం. ఎక్కువ వాడే భవనాల నుంచే మొదలుపెట్టండి. అవి సాధారణంగా పరిపాలనా భవనం, ఏసీ సెమినార్ హాలు.

‘భూమి ఎప్పుడూ మారుతూనే ఉంది కదా?’ అంటే?

మారింది. కానీ అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకున్న గాలి బుడగల ప్రకారం గత 8 లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ 300 పీపీఎం దాటలేదు. సూర్యుడే కారణమైతే గాలి పైపొరలు కూడా వేడెక్కాలి. కానీ కింద వేడెక్కుతూ, పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. ఈ రెండు మాటలు చాలు. గొంతు పెంచి గెలవాల్సిన వాదన కాదిది.

కార్యక్రమం ఎప్పుడు పెట్టాలి?

పర్యావరణ దినమైన జూన్ 5న చాలా క్యాంపస్‌లు సెలవుల్లో ఉంటాయి. ధరిత్రీ దినమైన ఏప్రిల్ 22న పరీక్షలు దగ్గరపడతాయి. సెప్టెంబరు 16 ఓజోన్ దినం, 24 ఎన్‌ఎస్‌ఎస్ దినం, డిసెంబరు 14 ఇంధన పొదుపు దినం మనకు అనువైనవి. మిడ్ పరీక్షల వారం తప్పించండి.

విద్యార్థులకు అర్థమైందని ఎలా తెలుస్తుంది?

‘మీకు అవగాహన పెరిగిందా’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఐదు చిన్న ప్రశ్నలు సెషన్‌కు ముందు, అయ్యాక, మళ్లీ మూడు వారాలకు ఇవ్వండి. ‘ఓజోన్ రంధ్రం వల్లే భూమి వేడెక్కుతోంది, అవునా కాదా?’, ‘తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుందా?’ లాంటివి. మూడో విడత మార్కులే నిజమైనవి. ఓజోన్ ప్రశ్న చాలామంది మళ్లీ తప్పుతారు. అప్పుడు చెప్పే పద్ధతి మార్చండి.

ఇంత చదివాక కొందరు దిగులుపడుతున్నారు, ఏం చేయాలి?

దిగులు నిజమైనదే, కొట్టిపారేయకండి. భయపెట్టే దృశ్యాలతో సెషన్ ముగించకండి. ముగింపులో అందరి చేతికీ ఒక పని ఇవ్వండి: రేపు రాత్రి 10కి మీటరు ఎవరు చదువుతారు? నిద్ర పట్టనంతగా బాధపడేవారిని క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి మీరే తోడుగా తీసుకెళ్లండి.

నాది చివరి ఏడాది. నేను వెళ్లాక ఆగిపోకుండా ఎలా?

ఆఖరి సెమిస్టర్‌లో కొలతలు మీరు చేయకండి, మొదటి ఏడాది, రెండో ఏడాది వారితో చేయించి పక్కన నిలబడండి. రిజిస్టర్లు మీ ఫోన్లో కాకుండా విభాగం బీరువాలో ఉండాలి. రిజిస్టర్ మొదటి పేజీలో నాలుగు విషయాలు రాయండి: మీటరు ఎక్కడుంది, దాని ఎంఎఫ్ ఎంత, ఖాళీ బకెట్ బరువెంత, ఏ థర్మామీటరు ఎంత తేడా చూపిస్తుంది.